నాలుగు వందల వోల్టుల కండెన్సరు

జగదీశ్వరి రెండో కీర్తన ముగించి, మూడోదాని పేరు చెప్పడానికి మైకు వైపు వంగింది. ఎడమచేతిలోని ఉక్కు కడ్డీ ఇంకా తీగల మీదే ఉంది. పెదవి మైకు జాలీకి తగిలిందో లేదో, తల విసురుగా వెనక్కి పోయింది. కుర్చీ ఒరిగింది. ఒళ్ళో పడుకోబెట్టి ఉన్న హవాయీ గిటారు స్టేజీ చెక్కల మీద పడింది. స్పీకరు ఒక్కసారి గుర్రుమని హాలంతా దద్దరిల్లింది.

తెర పక్కన నిలబడ్డ అప్పలసూరి అడుగు వేసేలోపే గోడ దగ్గరున్న ఎవరో గిటారు ఆంప్లిఫయరు ప్లగ్గు పీకేశారు.

"మూర్ఛ! మూర్ఛొచ్చింది!" ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. "తాళాలు పెట్టండి సేతిలో, తాళాలు!"

క్లబ్బు కాపలావాడు మొలకి ఉన్న గుత్తి ఊడదీసుకుంటూ స్టేజీ ఎక్కాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆమె వేళ్ళు విడదీసి ఆ ఇనుప తాళాలు అరచేతిలో ఇరికించారు. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కింది పెదవి మీద మినపగింజంత తెల్లటి మచ్చ.

"మూర్ఛ కాదు," అంది. మాట సరిగ్గా పెగల్లేదు. "షాకు కొట్టింది. గిటారులోంచి."

నరసింగరావు పంచె ఎగదోపుకుని పైకొచ్చాడు. మూడు లాంతర్ల కూడలిలో ఆయనకి రేడియో షాపుంది. విజయనగరంలో సగం సభలకి ఆయన మైకులే. ఈ గిటారు ఆంప్లిఫయరు కూడా ఆయన షాపులోనే తయారైంది. చేసింది అప్పలసూరి.

"ప్లగ్గు పెట్టండొరే," అన్నాడు నరసింగరావు. ఎవరో మళ్ళీ పెట్టారు. ఆయన ఆ ఆంప్లిఫయరు సెట్టు రేకు పెట్టె మీద అరచెయ్యి మొత్తం ఆన్చి, జనం వైపు తిరిగాడు. "ఏదండీ కరెంటు? నాకు కొట్టదేం? సూరీ, నువ్వు సూడరా. అందరికీ వినపడేట్టు సెప్పు."

అప్పలసూరి జేబులోంచి టెస్టరు తీశాడు. రేకు మీద ఒకచోట, గిటారు తీగల మీద ఒకచోట, స్పీకరు మేకు మీద ఒకచోట దాని మొన ఆన్చి, పిడి చివర బొటనవేలు పెట్టాడు. లోపలి చిన్న దీపం వెలగలేదు.

"ఏటీ నేదు బాబూ," అన్నాడు.

మైకు పక్కనే ఉంది. ఆ మాట హాలు చివరిదాకా వెళ్ళింది.

వీణ మేష్టారు వేంకటాచలంగారు కూతురి పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి తాళాలు తీసి కాపలావాడికి ఇచ్చేశారు. జగదీశ్వరి నరసింగరావు వైపు చూడలేదు. టెస్టరు పట్టుకున్న అప్పలసూరినే చూసింది.

సోమవారం పొద్దున్న సెట్టు షాపులో బల్ల మీద ఉంది.

"మూత తియ్యకు," అన్నాడు నరసింగరావు. "శుక్రవారం రథసప్తమి. అరసవల్లిలో పాటకచేరీలకి మన మైకులే. ఎల్లుండి కమిటీ సెక్రటరీగారు మాట్లాడ్డానికి వస్తారు. ఆయనొచ్చేసరికి ఇది ఇప్పి ఉంటే, లోటుంది కాబట్టే ఇప్పినారని అనుకోరూ?"

అప్పలసూరి తలూపి, ఎవరిదో పాత రేడియో ముందేసుకున్నాడు. చేతులు దాని మీద, మనసు పక్కనున్న సెట్టు మీద.

మూత తియ్యకుండానే లోపల ఏది ఎక్కడుందో అతనికి తెలుసు. నాలుగు నెలల కిందట ఒక్కో ముక్కా ఏరి అతికించినవాడు అతనే. రెసిస్టెన్సుల రంగుల చారల్ని నమ్మకుండా ఒక్కొక్కదాన్నీ మీటరుతో కొలిచాడు. కొలత సరిపోయినవాటిని సెట్టులో పెట్టి, చెక్కపిడితో చిన్నగా తట్టి, స్పీకరులో చిటపట వినిపించినవి తీసి పారేశాడు. తగవు వచ్చింది కండెన్సర్ల దగ్గరే.

"కొత్తవి తెప్పించండి బాబూ," అన్నాడు అప్పుడు. "వాల్వు కాడ మూడొందల వోల్టులుంటాయి. పాట కూడా ఆ తీగ మీదే వస్తాది. కండెన్సరన్నది పాటని వదిలి వోల్టుల్ని ఆపాల. పాతది నీరసించి ఆపలేదనుకోండి, ముందరి వాల్వు ఎర్రగా కాలిపోతాది."

నరసింగరావు అటక మీంచి బిస్కట్ల డబ్బా దింపించాడు. నిండా మిలటరీ సెట్లలోంచి ఊడదీసిన కండెన్సర్లు. "యుద్ధంలో ఇమానాల్లో తిరిగినవిరా ఇవి. నీ కొత్తవాటికి తాతలు. ఏరుకో."

నలభైకి పైగా ఉన్నవాటిలో పదకొండు ఏరాడు. ఏరాడే గానీ నమ్మలేదు. ఇప్పుడా పదకొండులో ఒకటి ఆ పిల్ల పెదవి కాల్చింది. ఆ సంగతి అతనికి నిన్న స్టేజీ మీదే తట్టింది. మరి టెస్టరు ఎందుకు వెలగలేదో అర్థం కాలేదు. వెలగలేదు కాబట్టి 'ఏటీ నేదు' అన్నాడు. అన్నది అబద్ధం కాదు. కానీ నిజం చెప్పినట్టూ లేదు.

పదకొండు గంటలకి వేంకటాచలంగారు గొడుగు ముడుచుకుంటూ మెట్లెక్కారు. నరసింగరావు లేచి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"అమ్మాయి పాఠాలు చెప్పే ఆడపిల్లల బడి నించి కబురొచ్చింది, నరసింగరావుగారూ. ఇంకొన్నాళ్ళు రావద్దన్నారు. పిల్లలున్న చోట మూర్ఛ రోగం... వాళ్ళ భయం వాళ్ళది. అరసవల్లి వాళ్ళు కూడా అమ్మాయి కచేరీకి బదులు క్లారినెట్టు పార్టీని చూసుకుంటున్నారట." ఆయన గొడుగు పిడిని బొటనవేలితో రాస్తున్నారు. "మా ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ లేదు. అమ్మాయి అబద్ధం ఆడదు. మీ సెట్టులో కరెంటు పారిందని ఒక్క ముక్క చెబితే..."

"లేని కరెంటు ఉందని ఎలా సెప్పనండీ? మీ ముందేగా చెయ్యేశాను. మా సూరి కూడా సూశాడు."

వేంకటాచలంగారు అప్పలసూరి వైపు తిరిగారు. "ఏం నాయనా?"

అప్పలసూరి సోల్డరింగ్ ఐరన్ను తడిగుడ్డ మీద తుడిచాడు. సుయ్యిమంది. మళ్ళీ తుడిచాడు.

"నిన్న సూసినప్పుడైతే నేదండి," అన్నాడు, రేడియో మీంచి కళ్ళెత్తకుండా.

మర్నాడు జగదీశ్వరే వచ్చింది. రిక్షాలోంచి గిటారు పెట్టె తనే దింపుకుని లోపలికొచ్చి, పెట్టె తెరవకుండా బల్ల పక్కన నిలబెట్టింది. పెదవి మీది మచ్చ నల్లగా పొక్కు కట్టింది.

"ఆ రోజు ఎలా ఉందో అలాగే పెట్టి చూపించండి," అంది.

నరసింగరావు నవ్వాడు. "సూరీ, పెట్టు. అమ్మాయిగారి అనుమానం తీరిపోవాలి."

అప్పలసూరి ప్లగ్గు పెట్టాడు. టెస్టరు ఆన్చాడు. వెలగలేదు. నరసింగరావు వచ్చి మళ్ళీ చెయ్యేశాడు. "సూశారా తల్లీ? ఉపవాసాలేమన్నా ఉన్నారా ఆవేళ? కళ్ళు తిరిగుంటాయి. దాన్దేముంది, అందులో సిగ్గేటి?"

ఆమె మొహం ఎర్రబడింది. ఆయనకి జవాబివ్వకుండా అప్పలసూరిని అడిగింది: "మీరు స్టేజీ పక్కనే ఉన్నారు కదా. మొదటి కీర్తనకి ఏమీ కాలేదు. అప్పుడూ మైకు నా మూతికి తగిలింది, పేరు చెప్పినప్పుడు. ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎవరో ఈ ప్లగ్గు తీసి పెద్దల వైపు ఫాను పెట్టారు. అది తిరక్కపోతే తీసేసి మళ్ళీ మనది పెట్టారు. రెండో పాటంతా నా వేళ్ళు జివ్వుమంటూనే ఉన్నాయి. కడ్డీ పట్టుకుని తిమ్మిరెక్కాయనుకున్నాను. తర్వాత కొట్టింది. నేను పడ్డాక మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. అప్పుడు మీరు చూశారు, లేదన్నారు." గోడకున్న ప్లగ్గు చూపించింది. "ప్లగ్గుకీ దీనికీ ఏమన్నా ఉందా? నాకు తెలియక అడుగుతున్నాను."

"ప్లగ్గుకేముంటుందమ్మా, చెక్క ముక్కకి!" అన్నాడు నరసింగరావు.

అప్పలసూరి కళ్ళు ఆ ప్లగ్గు మీదే ఉన్నాయి. ఆమె ఇంకాసేపు అతనికేసి చూసి, గిటారు పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఒంటిగంటకి నరసింగరావు భోజనానికి ఇంటికి వెళ్ళాడు. అప్పలసూరి వీధి తలుపు ఒక రెక్క దగ్గరగా వేసి, బల్ల దగ్గరికొచ్చి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. రెండు పుల్లలూ ఒకేలా ఉన్నాయి. గోడలో రెండు బెజ్జాలూ ఒకేలా ఉన్నాయి. ఎటు పెట్టినా దూరుతుంది. కానీ ఒక బెజ్జంలో కరెంటు వస్తుంది, రెండోదాంట్లో రాదు.

ప్లగ్గు తిరగేసి పెట్టాడు. టెస్టరు రేకు మీద ఆన్చాడు. నారింజరంగు దీపం భగ్గుమంది.

అయినా అది చాలదు. ఎక్కడో పిసరంత కారినా ఆ టెస్టరు వెలుగుతుంది. పరీక్షకి వాడే బల్బు తీసి, దాని ఒక తీగ గోడవార భూమిలోకి దిగే పంపు గొట్టానికి చుట్టి, రెండోది సెట్టు రేకుకి తగిలించాడు. బల్బు ఇంట్లో దీపంలా నిండుగా వెలిగింది. ఆ వెలుగంతా ఆదివారం ఆ పిల్ల వేళ్ళలోంచి పెదవిదాకా పోయింది. స్టేజీ చెక్కది కాకపోతే, ఆమె వెనక్కి కాక ముందుకి పడుంటే...

బల్బు తీసేశాడు. భయం తగ్గాక కోపం వచ్చింది. కోపంతోపాటు కొంచెం సంతోషం కూడా వచ్చింది. 'తాతలట, తాతలు! ఇయ్యాల సూపిస్తాను నీ బిస్కట్ల డబ్బా సంగతి. ఆ మేష్టారి ముందే సూపిస్తాను.'

ప్లగ్గు పీకి, మూత విప్పి, సెట్టు బోర్లించాడు. లోపల నిలవున్న వోల్టులు పోయేదాకా పెద్ద కండెన్సరుకి రెసిస్టెన్సు ఆన్చి ఉంచాడు. అప్పుడు పాత కండెన్సర్లని ఒకదాని వెంట ఒకటి ఒక కాలు ఊడదీసి మీటరు పెట్టాడు. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మీటరు ముల్లు కొంచెం లేచి, తిరిగి పడుకుంటోంది. అలాగే పడుకోవాలి. ఐదు. ఆరు. దొంగ ఇంకా దొరకలేదని చెయ్యి తొందరపడుతోంది. తొమ్మిది. పది. పదకొండోది కూడా బాగుంది.

అప్పలసూరి ముక్కు మీది చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. పదకొండూ బాగున్నాయి. యుద్ధం నాటివి, నల్లగా, గీతలు పడి ఉన్నాయి. ఒక్కటీ చావలేదు.

మిగిలింది ఒకటే. వీధి కరెంటు తీగ లోపలికొచ్చే చోట, ఆ తీగకీ రేకుకీ మధ్య, పసుపురంగులో నిగనిగలాడుతున్నది. అది బిస్కట్ల డబ్బాలోది కాదు. సెట్టు తయారైన రోజున స్పీకరులో సన్నగా గుయ్యిమని మోత వస్తూంటే అతనికి నచ్చలేదు. "ఉంటే ఉండనీరా, పాటలో కలిసిపోద్ది," అన్నాడు నరసింగరావు. అతను ఒప్పుకోలేదు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు సొంతంగా కొనితెచ్చి వేశాడు. మోత పోయింది. తను చూసి సెట్టు చేసిన పుస్తకంలో బొమ్మ దగ్గర ఆ కండెన్సరుకి ఆరు వందల వోల్టులనీ, వీధి కరెంటు మీద వాడటానికి ప్రత్యేకంగా చేసింది అయుండాలనీ రాసి ఉంది. చదివాడు. దుకాణంలో దొరికింది నాలుగు వందలది. వీధిలో వచ్చేది రెండొందల ముప్పయ్యేగా, నాలుగొందలు చాలదా అనుకున్నాడు.

దాని కాలు ఊడదీసి మీటరు పెట్టాడు. ముల్లు అటు చివరికి పోయింది. తిరిగి రాలేదు.

మళ్ళీ పెట్టాడు. రాలేదు.

వీధిలో రిక్షా గంటలు వినిపిస్తున్నాయి. నరసింగరావు వచ్చే వేళయింది. చేయవలసింది చాలా తేలిక. దీన్ని కత్తిరించి కాలవలో పారేస్తే సెట్టు భద్రంగా ఉంటుంది. కొంచెం మోత వస్తుంది, అంతే. ప్లగ్గు ఎటు పెట్టినా ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ పిల్లకి మూర్ఛరోగం అలాగే ఉండిపోతుంది.

రెండో కాలు కూడా ఊడదీసి కండెన్సరు చొక్కా జేబులో వేసుకున్నాడు. పాతవన్నీ తిరిగి అతికించి, మూత బిగించాడు. నరసింగరావు కిళ్ళీ నములుతూ లోపలికొచ్చేసరికి, పాత రేడియో ముందేసుకుని కూర్చుని ఉన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక భార్య తాయారు చొక్కా ఉతుకుతానని తీసి, జేబు తడిమింది. "ఇదేటి, బిళ్ళా?"

"అది తియ్యకు," అన్నాడు అతను గట్టిగా. ఆమె ఉలిక్కిపడి చొక్కా దండెం మీద వేసేసింది.

బుధవారం పదింటికి అరసవల్లి సెక్రటరీ అప్పలనరసింహంగారు వచ్చారు. కండువా, చేతిలో కాగితాల సంచి. నరసింగరావు కాఫీ తెప్పించాడు. హారన్లు ఎన్ని, ఎక్కడ కట్టాలి, అన్నీ మాట్లాడుకున్నారు.

"ఆ గిటారు అమ్మాయి సంగతి విన్నాం," అన్నారు అప్పలనరసింహంగారు. "పాపం, మంచి వాయిద్యం. కానీ స్వామి ఎదట స్టేజీ మీద అలాటిది జరిగితే బాగోదు కదా. క్లారినెట్టు వాళ్ళకి మాటిచ్చీసినాం."

"మంచి పని చేశారు," అన్నాడు నరసింగరావు.

అప్పలసూరి లేచాడు.

"ఆయమ్మకి మూర్ఛ నేదండి," అన్నాడు. "షాకే కొట్టినాది. సెట్టులో లోటుంది."

"ఒరే!" నరసింగరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్క నిమిషం బాబూ. సూపిస్తాను." జేబులోంచి పసుపు కండెన్సరు తీశాడు. పాత డబ్బాలోంచి నల్లది ఇంకొకటి తీశాడు. బల్బు తీగ మధ్యకి కత్తిరించి, ముందు నల్లదాన్ని ఆ మధ్యలో బిగించి, ప్లగ్గు పెట్టాడు. బల్బు వెలగలేదు. "ఇది మంచిదండి. ఆపవలసినదాన్ని ఆపతన్నాది." ప్లగ్గు తీసి పసుపుదాన్ని బిగించాడు. మళ్ళీ పెట్టాడు.

బల్బు నిండుగా వెలిగింది. పగటి వెలుతురులో కూడా ముగ్గురి మొహాల మీదా పడింది.

"ఇది సచ్చిపోయింది. మజ్జిలో ఏటీ నేనట్టే కరెంటు పోతన్నాది. ఇది రేకుకి తగిలించుంది. ప్లగ్గు ఒకలగ పెడితే ఏమీ అవదు, తిరగేస్తే సెట్టు రేకూ, గిటారు తీగలూ అన్నీ కరెంటే. ఆ మైకు వేరే సెట్టుది, దాని తీగ భూమిలో పాతేసుంది. ఆయమ్మ రెండూ ఒక్కసారే ముట్టుకుంది. ఆదివారం నేను సూసినప్పుడు ప్లగ్గు మళ్ళీ మారిపోయుంది. సూసి నేదనీసినాను. తిరగేసి సూడాలని తట్టనేదు."

అప్పలనరసింహంగారు నరసింగరావు వైపు చూశారు. నరసింగరావు మెడ నరాలు పొంగాయి.

"నేను అటక మీంచి దింపిచ్చినవాటిలోదేనా ఇది?" అన్నాడు మెల్లగా.

"కాదు బాబూ. మీరిచ్చినవి పదకొండూ బాగున్నాయి. ఇది నేను తెచ్చింది. నేనేసింది. ఆరొందల వోల్టులది ఎయ్యమని పుస్తకంలో ఉంది. నేను నాలుగొందలది ఏసినాను."

బల్బు వెలుగుతూనే ఉంది.

"నావే అనుకున్నావు కదరా?" అన్నాడు నరసింగరావు. "ఇప్పేదాకా."

"అనుకున్నాను బాబూ."

నరసింగరావు లేచి వెళ్ళి ప్లగ్గు తనే పీకాడు. "రాసియ్యి. బడివాళ్ళకి రాసియ్యి. నా షాపు పేరు ఉండకూడదు. నీ పేరు, నీ సంతకం. తెలిసిందా?" వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చాడు. "నిన్ను ఇప్పుడే పంపించీవలసిందే. పంపిస్తే ఆ సెట్టు ఎవడు సూస్తాడు!"

అప్పలనరసింహంగారు సంచి భుజాన వేసుకున్నారు. "క్లారినెట్టువాళ్ళని తీసీలేం. వాళ్ళ ముందర ఆ అమ్మాయికి ఒక అరగంట ఖాళీ చేయిస్తాను. రేపు పొద్దున్నకల్లా కబురు కావాలి. కానీ నాయనా, అంత దెబ్బ తిన్న పిల్ల మళ్ళీ అది ముట్టుకుంటాదా?"

అప్పలసూరి సొరుగులోంచి కాగితాలు తీశాడు.

ఉత్తరం రాయడానికి గంట పట్టింది. మూడు కాగితాలు చింపాడు. '22-1-1969' అని తేదీ వేసి, 'తప్పు నాదే' అన్న చోట కలం గట్టిగా నొక్కడంతో కాగితానికి బెజ్జం పడింది. దాన్ని అలాగే ఉంచాడు. మధ్యాహ్నం కబురందుకుని వేంకటాచలంగారే వచ్చి దాన్ని బడికి పట్టుకెళ్ళారు.

సాయంత్రం నాలుగింటికి అతను సెట్టు రిక్షాలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. పెరటి వసారాలో బల్ల మీద దింపాడు. పక్కనే సిమెంటు తొట్టి, దాని మీద ఇనుప పంపు.

"హెడ్మిస్ట్రెస్ గారు ఉత్తరం రెండుసార్లు చదివారు," అన్నారు వేంకటాచలంగారు. "సోమవారం నించి రమ్మన్నారు." ఆయన ఇంకేదో అనబోయి, కూతుర్ని చూసి లోపలికి వెళ్ళిపోయారు.

జగదీశ్వరి గిటారు పెట్టె తెచ్చి తెరిచింది. ఆదివారం తర్వాత అదే తెరవడం. గిటారు వైరు తెచ్చి సెట్టుకి తగిలించింది. కుర్చీలో కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఉక్కు కడ్డీ పట్టుకున్న చెయ్యి తీగల మీదికి తెచ్చింది. బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసేసింది.

"అది తీసీసినానమ్మా," అన్నాడు అప్పలసూరి. "ఇంక లోపల ఏటీ నేదు."

"ఏటీ లేదని ఆదివారం కూడా అన్నారు."

అతను తల దించుకున్నాడు.

"మీరు తప్పు ఒప్పుకున్నారు. నాన్నగారు చెప్పారు. నాకు తెలుసు," అంది ఆమె. "నా వేళ్ళకి తెలియడంలేదు. నేనేం చెయ్యను?"

అప్పలసూరి చెప్పులు విడిచేశాడు. తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు తీసి తన కాళ్ళ కింద పోసుకున్నాడు. తడి నేల మీద నిలబడి, ఎడమచెయ్యి పంపు గొట్టానికి చుట్టి, కుడి అరచెయ్యి సెట్టు రేకు మీద ఆన్చాడు.

"ప్లగ్గు మీరే పెట్టండి. మీకు తోచినట్టు."

ఆమె అతని కాళ్ళ కింది నీళ్ళు చూసింది. "వద్దు," అంది.

"పెట్టండమ్మా."

ఆమె లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్లగ్గు పెట్టింది. తిరిగి చూసింది. అతను నిలబడే ఉన్నాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. స్పీకరులో సన్నటి మోత మొదలైంది.

"తిరగేసి పెట్టండి."

ఆమె తీసింది. పుల్లలు వేలితో తడిమి, తిప్పి పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఎంతసేపు ఉంటారలా?"

"మీరు సాలనీదాకా."

ఆమె వచ్చి కూర్చుంది. గిటారు ఒళ్ళోకి తీసుకుంది. కడ్డీ తీగలకి వేలెడు ఎత్తులో మళ్ళీ ఆగింది. అప్పుడు అతని చేతికేసి చూస్తూ, దాన్ని దించింది.

తీగ ముక్కలుముక్కలుగా పలికింది. ఆమె పెదవి బిగించి మళ్ళీ మీటింది. రెండోసారి స్వరం నిలిచింది, కడ్డీ జారినంత దూరం దానితోపాటు జారింది. సన్నటి మోత పాట వెనకాల వినిపిస్తూనే ఉంది. కీర్తన పల్లవి తప్పింది. ఆపి, మొదటినుంచి ఎత్తుకుంది. అప్పలసూరి అరచేతి కింద రేకు వెచ్చబడుతోంది. ఆమె కింది తీగ మీటినప్పుడల్లా అది సన్నగా అదురుతోంది.

చెయ్యి తియ్యమని ఆమె అనలేదు. అతను తియ్యలేదు. పల్లవి దాటి చరణంలోకి వెళ్ళింది.